జాకెట్ ముక్క కట్టిన మేకలు

మా మరదలు పోయిందని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను దేవుడి దగ్గర సహస్రనామం చదువుతూ దీపం వెలిగిస్తున్నాను. "అక్కా, అయిపోయింది" అన్నాడు. అగ్గిపుల్ల వేలిదాకా వచ్చి కాలింది. అప్పుడు ఆర్పాను. ఆ రోజు సహస్రనామం సగంలో ఆగింది. ఇప్పటికీ ఆగిన ఆ నామం దగ్గరికి వచ్చేసరికి నాలుక తడబడుతోంది.

ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమని అమెరికాలోని మన తెలుగు సంఘం పత్రికవాళ్ళు అడిగారు. మంచి మాటలు ఉన్నాయి. వాటికంటే ముందు కోపం ఉంది. అది దాచిపెట్టి రాస్తే, "ఏంటి వదినా, ఫోటోకి దండ వేసినట్టు రాశారు" అని ఆమే వెక్కిరిస్తుంది.

ఆష్‌బర్న్‌లో ఉన్న మీలో చాలామంది ఆమె దగ్గర గుడ్లు కొన్నవాళ్ళే. శనివారం మార్కెట్‌లో కనబడేది. రబ్బరు బూట్లు, మెడలో నల్లపూసలు, వాటితోపాటే వేలాడే ఒక రంగుల అట్ట. ఆ అట్ట ఏమిటని అడిగితే గుడ్ల బేరం ఆగిపోయి, మేక కన్ను గురించి పాఠం మొదలయ్యేది.

తమ్ముడిది డేటా సెంటర్ ఉద్యోగం. పిల్లలు కాలేజీలకు వెళ్ళాక ఈమె తన ఉద్యోగం మానేసి, కొండల వైపు కొంత నేల కొనిపించి, మేకలు, కోళ్ళు పెట్టింది. ఆర్గానిక్ సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఆదివారాలు నేను వెళ్ళేదాన్ని. పొద్దున్నే నేను వంటింటి అలమరలో ఉన్న దేవుడి ముందు కూర్చుంటే, పక్క గట్టు మీదే మైక్రోస్కోప్ పెట్టి ఆమె మేక పెంటికలు చూసేది.

"అమ్మాయ్, నైవేద్యం పక్కన అదేమిటి?" అనేదాన్ని.

"మీరు కళ్ళు మూసుకున్నారుగా వదినా, ఎలా కనబడింది?"

"వాసన కళ్ళతో చూడరు."

"నట్టల గుడ్లు లెక్కపెడుతున్నా. మీ నామాలు మీవి, నా నామాలు నావి. మధ్యలో పలకరిస్తే ఇద్దరమూ మొదటి నుంచి మొదలుపెట్టాలి."

నట్టలంటే మేక కడుపులో చేరే పురుగులు. వేసవిలో వానలు పడి గడ్డి తడిగా ఉంటే, గడ్డి పోచ పట్టుకుని పైకి పాకుతాయి. గడ్డితోపాటు మేక లోపలికి వెళ్ళి రక్తం తాగుతాయి. మేక బయటికి బాగానే ఉంటుంది. తింటుంది, నెమరు వేస్తుంది, ఒక పొద్దున లేవదు. అందుకని కింది రెప్ప లాగి లోపలి రంగు చూడాలి. దానిమ్మ గింజలా ఉంటే పర్వాలేదు. కొబ్బరి ముక్కలా ఉంటే ఆ రోజే మందు పడాలి. ఆమె మెడలో అట్ట ఆ రంగులు పోల్చుకోవడానికే.

మందు దాకా రాకుండా చూడడమే ఆమె పని అంతా. మంచు ఆరేదాకా మేకల్ని వదిలేది కాదు. గడ్డి పొట్టిగా కొరికేసిన చోట మళ్ళీ పెరిగేదాకా అడుగు పెట్టనిచ్చేది కాదు. కంచె జరిపి పొదలున్న వైపుకి తోలేది. "మేక తల ఎత్తి తినాలి వదినా. తల దించి తిన్నదంటే నట్టల్ని తింటోందన్నమాట" అనేది. మేకలు మేసి వెళ్ళిన చోటికి కోళ్ళను పంపేది, అవి పెంటికలన్నీ చిదిమి ఎండబెట్టేవి. కోళ్ళ గూట్లో పరిచిన పొట్టు గుప్పెడు తీసి పిసికి చూసేది. ముద్ద కట్టిందా, ఆ రోజు తమ్ముడికి తిట్లే. తడి పక్క మీద పడుకున్న కోడిపిల్లలకు రక్తపారుడు వస్తుందని ఆమె భయం. ఏ మేక నట్టల్ని తనంతట తాను తట్టుకుంటుందో చూసి, దాని పిల్లల్నే ఉంచుకునేది. తరం మీద తరం అలా ఏరుకుంటూ వచ్చిన మంద అది. మందులతో పెద్దగా పనిలేని మంద ఒకటి తయారు చేయాలని ఆమె ఆశ.

మేత దగ్గర మరీ చాదస్తం. ఒకసారి గుడిలో మిగిలిన పులిహోర తీసుకెళ్ళాను. పారేయడమెందుకు, నాలుగు జీవాలు తింటాయని కోళ్ళ దగ్గరికి నడుస్తున్నాను. తడిక అవతల నుంచి పరిగెత్తుకొచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"వదినా, ఆగండాగండి! ఆ పులిహోరకి సర్టిఫికెట్ ఉందా?"

"దేవుడి ప్రసాదమే!"

"దేవుడికి ఉంటుంది. బియ్యానికి లేదు. ఒక్క మెతుకు పడ్డా ఇన్‌స్పెక్టర్‌కి నేను చెప్పుకోవాలి."

ఆ గిన్నె నా చేతిలోంచి లాక్కుని, మెట్ల మీద కూర్చుని, మిరపకాయలతో సహా తనే తినేసింది. "మరి నువ్వు తినొచ్చా?" అన్నాను. "నన్ను చూసే ఇన్‌స్పెక్టర్ లేడుగా వదినా" అంది. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

జాకెట్ ముక్కల సంగతి చెప్పాలి. పేరంటంలో పసుపు కుంకుమతో పాటు ఇచ్చే ముక్కలు మన అందరి ఇళ్ళలోనూ సొరుగుల నిండా ఉంటాయి. ఎవరూ కుట్టించుకోరు. ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి తిరుగుతూ ఉంటాయి. ఒక ఆదివారం చూద్దును కదా, వరలక్ష్మీవ్రతానికి నేనిచ్చిన ముక్క ఒక మేక మెడలో ఉంది. జరీ అంచుతో సహా.

"ఇదేమిటే? వాయనం ఇచ్చింది దీనికా?"

"ముత్తైదువే వదినా. పోతు బతికే ఉంది, అదుగో" అంది.

తర్వాత అసలు సంగతి చెప్పింది. మందు పడిన జీవాన్ని ఆర్గానిక్ అని మాంసానికి అమ్మకూడదు. దూరం నుంచే తెలియడానికి ఆ గుర్తు. నేను మాంసం మానేసి చాలా ఏళ్ళు, ఆ సంగతులు ఆమె చెప్పేది కాదు, నేను అడిగేదాన్ని కాదు. కానీ మెడలో ముక్క ఉందంటే అది కోతకు పోకుండా కొన్నాళ్ళయినా బతుకుతుందని నాకు అర్థమైంది. ఆ తర్వాత ఎక్కడ జాకెట్ ముక్క వచ్చినా దాచి ఆమెకే ఇచ్చేదాన్ని.

మందు వేయడానికి ఆమె ఏనాడూ సిగ్గుపడలేదు. ఎడిసన్ నుంచి ఒక యువ జంట నేర్చుకోవడానికి వచ్చారు. "ఆంటీ, మేం కెమికల్స్ అస్సలు యూజ్ చేయం" అన్నాడు కుర్రాడు.

"మరి జబ్బు చేస్తే?"

"వేపాకు, వెల్లుల్లి పెడతాం ఆంటీ."

"పెట్టండి. అవి తింటూనే చచ్చిపోతుంది" అంది. కుర్రాడి ముఖం చిన్నబోయింది. అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది: "జబ్బు చేసిన జీవానికి సర్టిఫికెట్ పోతుందని మందు ఆపకూడదు. ఇది నా మాట కాదు బాబూ, రూల్. సర్టిఫికెట్ పోతే పోనీ, ముందు మేకని బతికించు. మందు వేస్తే ఓడిపోయినట్టు కాదు. కన్ను చూడకపోతే ఓడిపోయినట్టు."

ఆ మాట చెప్పిన మనిషి ముఖం అప్పటికే పాలిపోయి ఉంది.

పోయిన చలికాలంలో మెట్లు ఎక్కుతూ ఆయాసపడింది. గడ్డం పట్టుకుని కింది రెప్ప లాగి చూశాను.

"నేను మేకనా వదినా?"

"మేకవైతే ఈపాటికి మందు పడేది. డాక్టర్ దగ్గరికి పద."

"ఈ మేకల ఈతలు అయిపోనివ్వండి."

నేనే అపాయింట్‌మెంట్ బుక్ చేశాను. ఆ పొద్దున ఒక మేక ఈనడానికి కష్టపడుతోందని మానేసింది. మళ్ళీ బుక్ చేశాను. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంది. ఆ తర్వాత కోడిపిల్లలు వచ్చాయంది. నేను కోప్పడ్డాను. తమ్ముడు కోప్పడ్డాడు. "తర్వాత" అనేది. ఆ మాట మేకల విషయంలో ఆమె నోటి నుంచి ఒక్కనాడూ వినలేదు. చివరికి వెళ్ళింది. కడుపులో ఎక్కడో నెలల తరబడి కొంచెం కొంచెంగా రక్తం పోతోందని, జబ్బు ముదిరిపోయిందని డాక్టర్ చెబుతుంటే తమ్ముడు నా వైపు చూశాడు. ఇద్దరికీ మేక కడుపులో నట్టలే గుర్తొచ్చాయి.

మందు ఆపకూడదని మేకకి రూల్ ఉంది. మా మరదలికి లేదు.

పరామర్శకు వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన కాఫీ తాగుతూ, "అన్నీ ఆర్గానికే తినేవారు కదండీ, మరి ఇలా ఎలా జరిగింది?" అన్నారు. చెప్పాలనిపించింది. ఆయన కప్పులో ఇంకొంచెం కాఫీ పోశాను. జపం చేస్తే కోపం తగ్గుతుందని నేనే పదిమందికీ చెబుతుంటాను. తగ్గడం లేదు. ఆమె మీద తగ్గడం లేదు, దేవుడి మీద అసలు తగ్గడం లేదు.

కర్మకాండ అయ్యాక తమ్ముడు మంద అమ్మేస్తానన్నాడు.

"నాకు రాదక్కా. ఒక్కణ్ణే. ఆఫీస్‌లో రాత్రిళ్ళు కూడా పిలిచే ఆన్‌కాల్ ఒకటి. మొత్తం కలిపి తీసుకుంటానని ఒకాయన అడుగుతున్నాడు."

"ఆయన వీటిని కలిపి ఉంచుతాడా?"

"కొన్నాక ఆయన ఇష్టం."

అంటే తలోదిక్కూ పోతాయి. ఆమె ఇన్నేళ్ళు ఏరింది ఇందుకా అని అడగబోయి ఆగాను. వాడి కళ్ళ కింద నలుపు కనబడింది.

ఆ వారమంతా వాన. ఆదివారం నేను వెళ్ళేసరికి మేకలు పొట్టి గడ్డిలోనే తల దించుకుని ఉన్నాయి. కంచె జరిపేవాళ్ళు లేరు. ఈ ఏడు పుట్టిన పిల్ల ఒకటి విడిగా నిలబడి ఉంది. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతోంది. నేను ఆ మేకల్ని ఏనాడూ ముట్టుకున్నదాన్ని కాదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని దాని గడ్డం పట్టుకున్నాను. రెప్ప లాగాను. అట్టతో పోల్చనక్కర్లేకపోయింది.

"ఒరేయ్, మందు ఎక్కడుంది?"

తమ్ముడు ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చాడు. వెటర్నరీ డాక్టర్‌ని అడిగి మోతాదు రాసుకున్నాడు. తల వాడు పట్టుకున్నాడు, మందు నేను పోశాను. సగం నా చేతి మీద కక్కింది, మళ్ళీ డాక్టర్‌ని అడిగి పోశాను. తర్వాత వంటింటి సొరుగు తీశాను. పైనే ఉంది ముక్క, మామిడి పిందెల అంచున్న ఆకుపచ్చది. పోయిన శ్రావణంలో నేనిచ్చిందే. చింపడానికి చెయ్యి రాక కాసేపు పట్టుకుని నిలబడ్డాను. చింపాను.

పిల్ల మెడకి కడుతుంటే తమ్ముడు అడిగాడు. "ఇక దీన్ని ఆర్గానిక్ అని అమ్మకూడదు కదా?"

"కూడదు."

"ఆయన సర్టిఫికెట్ ఉన్నవే కావాలన్నాడు."

నేను ముడి బిగించాను. వాడు పిల్ల వీపు మీద చెయ్యి వేశాడు.

"అయితే ఇది ఉండనీలే అక్కా" అన్నాడు. కాసేపటికి, "దీని తల్లిని కూడా" అన్నాడు.

మిగతావాటి సంగతి ఇంకా తేలలేదు. ఆ మర్నాడు వాన వెలిశాక ఇద్దరం కంచె పొదల వైపుకి జరిపాం. వంకర వచ్చింది. ఆమె ఉంటే రెండు రోజులు ఎత్తిపొడిచేది. తడి ఆరాక వదిలాం. మేకలన్నీ ఆకుల కోసం ముందుకాళ్ళు కొమ్మల మీద పెట్టి, తలలు ఎత్తాయి. నీరసంగా ఉన్నా ఆ పిల్ల కూడా ఎత్తింది. మెడలో ఆకుపచ్చ ముక్క, నిన్నటి వానకి తడిసిన కొస ఇంకా ఆరక బరువుగా కిందికి వేలాడుతోంది.