దారాలత్త ఎంచుకున్న గుండీ గులాబీలు

ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆవిడ పని ఒకటే. ఎవరైనా గుడ్డముక్క తెచ్చి బల్ల మీద పెడితే దానికి సరిపోయే దారం తీసి ఇవ్వడం. గుండీలు, జిప్పులు, లేసులు, హుక్కులు అమ్మే ఆ ఇరుకు దుకాణంలో గోడ పొడవునా అరలు, అరల నిండా దారపు రీళ్లు. ఒక్క ఎరుపులోనే నలభై రకాలుండేవి. వేరే దుకాణాల వాళ్లు రంగుల కార్డు ముందేసుకుని కుస్తీ పట్టేవారు. ఈవిడ మాత్రం ముక్కను వేళ్ల మధ్య ఒకసారి నలిపి, చెయ్యి వెనక్కి చాపి రీలు లాగేది. లాగినదాన్ని అక్కడికక్కడ ఇచ్చేదా అంటే అదీ కాదు. ఒక పోగు తీసి గుడ్డ మీద అడ్డంగా పరిచి, గుమ్మం దాటి ఎండలోకి తీసుకెళ్లి చూపించేది.

"ట్యూబులైటు కింద రంగులన్నీ అబద్ధాలాడతాయి. సూర్యుడి ముందు నిలబెడితేనే నిజం కక్కుతాయి" అనేది.

చిన్నా పెద్దా అందరికీ ఆవిడ దారాలత్త. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. భర్త పోయాక ఆవిడా, ఆవిడ ఆడపడుచూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఆడపడుచు బడిలో ఆటల టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా గొంతు మాత్రం ఇంకా మైదానంలోనే ఉంది. ఆవిడ గదిలోంచి పిలిస్తే వీధి చివర కుక్క లేచి నిలబడేది.

దారాలత్తకు పనిలో ఎంత పేరో, పట్టుదలా అంతే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నిజానికి అన్నేళ్లలో ఆవిడ కుందేలుకు మూడు కాళ్లే ఉన్నట్టు తేలేది కూడాను. అందుకే, ఒకరోజు దర్జీ మాస్టారు పొద్దున్న కొన్న రీలు మధ్యాహ్నానికి వెనక్కి తెస్తే ఆవిడకు ఒళ్లు మండింది.

ఆ మాస్టారు ఇరవై ఏళ్లుగా ఆవిడ దగ్గరే దారం కొంటున్నాడు. నెమ్మదైన మనిషి. మాట అనాలంటే పదిసార్లు కొలిచి ఒకసారి కత్తిరించే రకం.

"అమ్మా, ఇది కాస్త గోధుమరంగు కొడుతున్నట్టుంది. గుడ్డేమో ఊదా" అన్నాడు, తప్పు తనదే అయినట్టు.

ఆవిడ గుడ్డా దారమూ పట్టుకుని బయటికెళ్లి చూసింది. కవల పిల్లల్లా ఉన్నాయి.

"ఇంత చక్కగా కలిసిపోతే గోధుమరంగంటారేంటి మాస్టారూ! ముందు ఆ కళ్లద్దాలు మార్పించుకోండి" అంది గట్టిగానే.

దుకాణంలో ఉన్న నలుగురూ నవ్వారు. మాస్టారు రీలు జేబులో వేసుకుని మెట్లు దిగాడు. ఆ తర్వాత మళ్లీ రాలేదు. పోతే పోయాడులే అనుకుంది గానీ, లోపల ఏదో ముల్లులా గుచ్చుకుంటూనే ఉండేది.

ఏడాది గడిచాక ఒక సాయంత్రం ఆవిడ సొంత దుకాణం మెట్టు మీదే అడుగు తప్పి పడింది. మోకాలు దోక్కుపోయింది. ఆడపడుచు ఇంకో మాటకు తావివ్వకుండా కంటి ఆసుపత్రికి లాక్కుపోయింది. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయనీ, ముందు కుడికంటికి ఆపరేషను చేసి రెండు నెలలాగి ఎడమకంటికి చేద్దామనీ డాక్టరమ్మ చెప్పింది.

కుడికంటి కట్టు విప్పిన రోజు ఇంటికొచ్చి దారాలత్త గుమ్మంలోనే ఆగిపోయింది.

"గోడలకు సున్నం ఎప్పుడు వేయించావే?"

"ఎవరూ వేయించలేదు వదినా. మనం దిగిన రోజు నుంచీ అవి తెల్లగానే ఉన్నాయి."

ఆవిడ నమ్మలేదు. దగ్గరికెళ్లి గోడను గోటితో గీకి చూసింది.

నెల్లాళ్లు దుకాణం మూసేయమన్నారు. దుమ్ములోకి వెళ్లకూడదు, బరువెత్తకూడదు, మట్టి ముట్టుకోకూడదు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషిని కూర్చోబెడితే ఇంట్లో ఉన్న రెండోమనిషికి నరకం. గిన్నెలు సర్దిన తీరు నుంచి కర్టెన్ల ముడతల దాకా వదినగారు అన్నింటికీ వంకలు పెడుతుంటే, నాలుగో వారానికి ఆడపడుచుకు ఓపిక చచ్చింది.

"ఆ గేటు పక్కన మట్టి పదేళ్లుగా బోడిగా పడుంది. మొక్కలు ఎంచడం నీ పని, తవ్వడం నా పని. పద!"

గేటుకూ గుమ్మానికీ మధ్య ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న స్థలం అది. పొద్దున్న నుంచి మధ్యాహ్నం దాకా ఎండ తగులుతుంది. పెద్ద గులాబీలు పెడితే వచ్చేపోయే వాళ్ల బట్టలు పట్టుకుంటాయి. అందుకని మోకాలెత్తు దాటని చిట్టి గులాబీలే నయమనుకున్నారు. వాటిని అందరూ బటన్ గులాబీలంటారు.

"జన్మంతా గుండీలమ్మావు. ఇప్పుడు మొక్కలు కూడా గుండీలేనా!" అని ఆడపడుచు నవ్వింది.

పక్క వీధిలోని నర్సరీ నడిపే ఆవిడ జడముడిలో ఎప్పుడూ పెన్సిలొకటి గుచ్చుకుని ఉంటుంది. నల్లద్దాలు పెట్టుకుని వచ్చిన దారాలత్తను నీడలో వరసగా ఉన్న కుండీల దగ్గరికి తీసుకెళ్లింది. ఒకే రంగువి ఒకవైపు, రంగులు కలిసినవి ఇంకోవైపు ఉన్నాయి. దారాలత్త ఒకే రంగువాటి వైపు కన్నెత్తి చూడలేదు. పసుపు రేకులకు ఎర్ర అంచు, మీగడ రంగులోంచి గులాబిలోకి జారిపోయేవి, పైన నారింజ వెనక పసుపు. ఆవిడ కుండీలన్నీ ఎండలోకి తెప్పించింది. నల్లద్దాలు పైకెత్తి, చేత్తో నుదుటి మీద నీడ పట్టుకుని, ఒక పువ్వు ముందు వంగి నిలబడిపోయింది. కుడికన్ను మూసింది. తెరిచి ఎడమకన్ను మూసింది. మళ్లీ కుడి, మళ్లీ ఎడమ.

నర్సరీ ఆవిడ కాసేపు చూసి ఉండబట్టలేక అడిగింది. "ఏంటత్తా, నా మొక్కలకి కన్ను కొడుతున్నారు?"

దారాలత్త నవ్వలేదు. ఆ పువ్వు ఎడమకంటికి పాలెక్కువైన టీ రంగులో ఉంది. అంచులు వక్క రంగు. కుడికంటికేమో లేత ఊదా, మధ్యలో వెండి లాంటి బూడిద, అంచున నేరేడుపండు చాయ. పువ్వు ఒకటే, ఎండ ఒకటే, చూసే మనిషీ ఒకతే.

ఆవిడ అక్కడే బోర్లించి ఉన్న బకెట్టు మీద కూలబడింది.

"ఏమైంది వదినా? కన్ను నొప్పిగా ఉందా?" ఆడపడుచు కంగారుపడింది.

"గుడ్డ ఊదాయేనే" అంది దారాలత్త. "మాస్టారు చెప్పింది నిజం. నేను నలుగురిలో ఆయన్ని నవ్వులపాలు చేశాను."

ఆ రోజు మొక్క కొనకుండానే తిరిగొచ్చారు. రెండు రోజులు ఆవిడకు అదే ధ్యాస. ఏడాదిగా, రెండేళ్లుగా ఎంతమందికి ఏ రీళ్లిచ్చి పంపిందో తలుచుకుంటూ కూర్చుంది. ఎవరి పెళ్లి కోటు మీద ఏ వంకర రంగు కుట్టు పడిందో! మూడోరోజు లేచి, "పద, నర్సరీకి" అంది.

ఈసారి నేర్చుకోవడానికి వెళ్లింది. మెచ్చుకోవలసింది ఇక్కడే. అరవై దాటి, తన విద్యలో తనకు మించినవాళ్లు లేరని పేరు పడ్డ మనిషి, పెన్సిలు జడముడావిడ ముందు బడిపిల్లలా కూర్చుని ప్రశ్నలడిగింది. మొగ్గలో పసుపుగా ఉన్నది విచ్చుకున్నాక ఎందుకు ఎర్రబడుతోంది? ఎండ తగిలే కొద్దీ కొన్నిట్లో ఎరుపు పైకి వస్తుందట, నీడలో ఉంచితే పాలిపోయి ఉంటుందట. ఈ మొక్క మీద నాలుగు పువ్వులు నాలుగు రంగుల్లో ఎందుకున్నాయి? అవి నాలుగు వయసులవి కాబట్టి.

"ఒక్క పువ్వును చూసి కొనకండత్తా. మొగ్గ, సగం విచ్చింది, పూర్తిగా విచ్చింది, రాలబోయేది, నాలుగూ నచ్చితేనే కొనండి. ఆకులు కూడా చూడండి. కింది ఆకుల మీద నల్లమచ్చలుంటే పువ్వు రంభలా ఉన్నా వద్దు."

వారం పాటు రోజూ వెళ్లింది. ఒకరోజు పొద్దున్నే, ఒకరోజు ఎండ నడినెత్తిన ఉండగా, ఒకరోజు మబ్బు పట్టినప్పుడు. దారం సంగతైతే ఇదే గుడ్డకు ఇదే పోగని తేల్చి పారేసేది. ఇక్కడ నిన్నటి పువ్వు ఇవాళ్టి పువ్వుతోనే కలవదు. మొదట్లో దానికి చిరాకు పడింది. నాలుగో రోజుకు ఆ మార్పు కోసమే ఎదురుచూడటం మొదలుపెట్టింది. అర డజను కలగాపులగం రంగులవి పక్కపక్కన పెట్టించి చూసి తల అడ్డంగా ఊపింది.

"అన్నీ ఒకేసారి మాట్లాడే చుట్టాల్లా ఉన్నాయి. తీసేయండి."

చివరికి అయిదు తేలాయి. పసుపుకు ఎర్ర అంచున్నవి రెండు, గేటు దగ్గరికి. మీగడ గులాబి ఒకటి, గుమ్మం పక్కకు. అయిదింటికీ ఊపిరాడటానికి మధ్యలో ఎక్కువ చాయలు లేనిది, లేత నారింజది ఒకటి. అయిదోది ఆ ఊదాది. దాని పూలు చిన్నవి, మొక్క కూడా కాస్త బక్కది. కానీ కింద నుంచి ఎర్రటి కొత్త చిగుళ్లు రెండు పుట్టుకొస్తున్నాయి. నర్సరీ ఆవిడ దాన్ని చూపించి, "బతుకుతుంది, నాది పూచీ" అంది.

ఆడపడుచు చీర కుచ్చిళ్లు దోపి, ఈల వేయడమొకటే తక్కువగా, మట్టి తవ్వి పాతింది. దారాలత్త నల్లద్దాలతో కుర్చీలో కూర్చుని, "ఇంకో జానెడు ఎడం! ఇంకో జానెడు!" అని ప్రాణం తీసింది.

నెల దాటి దుకాణం తెరిచే ముందు రోజు ఆవిడ దర్జీ మాస్టారింటికి ఒంటరిగా వెళ్లింది. ముందు గదిలోనే మిషను. మాస్టారు తెల్లచొక్కాకు కాలరు కుడుతున్నాడు. కొక్కేలకు వేలాడుతున్నవన్నీ తెల్లచొక్కాలే.

ఆవిడ కూర్చోకుండానే చెప్పేసింది. "మాస్టారూ, ఆ రోజు గుడ్డ ఊదా. దారం గోధుమరంగు. తప్పు నాది. నా కళ్లకు శుక్లాలున్నాయి, నాకు తెలియలేదు. అయినా నలుగురిలో అలా మాట్లాడటానికి శుక్లాలు కారణం కాదు. అది నా నోటి జబ్బు."

మాస్టారు పెడలు ఆపాడు.

"మీ మీద కోపంతో మానలేదమ్మా" అన్నాడు. "దారాలమ్మగారే సరిపోయిందన్నారంటే తప్పు నా కళ్లదేననుకున్నాను. అప్పట్నుంచీ రంగుబట్టలు ఒప్పుకోవడం మానేశాను. తెల్లవైతే దారానికి ఢోకా లేదు కదా."

దారాలత్త ఆయన అలిగాడనుకుంది ఇన్నాళ్లూ. ఆయన పనిలో సగం తన ఒక్క మాటకు ఆగిపోయిందని కలలో కూడా అనుకోలేదు.

"మిషను మూసి నాతో రండి" అంది. అడిగినట్టు లేదు, ఆజ్ఞాపించినట్టుంది. మాస్టారు లేచాడు.

ఇంటి గేటు దగ్గర ఊదా గులాబీ అప్పుడే రెండు పూలు విచ్చింది. ఆవిడ ఎడమకంటిని అరచేత్తో మూసుకుంది. "ఇందులో మీకు ఎన్ని రంగులు కనపడుతున్నాయో చెప్పండి. తర్వాత నేను చెబుతాను."

మాస్టారు గొంతుక్కూర్చున్నాడు. తొందరపడలేదు. "లేత ఊదా... లోపల బూడిద... అంచుకి నేరేడు... రేకు వెనకాల కాస్త గులాబి... పుప్పొడి దగ్గర పసుపు." ఆగాడు. "అడుగున, రేకు పుట్టే చోట, ఆకుపచ్చ ఉందమ్మా. గోరంత."

దారాలత్త వంగి వెతికింది. అయిదు ఆవిడకూ కనపడ్డాయి. ఆరోది లేదు. ఆడపడుచు వచ్చి ఒక రేకును వేలితో పక్కకు నొక్కి పట్టుకుంటే అప్పుడు కనపడింది, నూలుపోగంత ఆకుపచ్చ.

"కొత్త కన్ను పెట్టించుకున్న నాకంటే ఒకటెక్కువ చూశారు" అంది ఆవిడ. "రేపు తెల్లవి కానివి ఒప్పుకోండి. దారానికి మన దుకాణానికే రండి. వచ్చి నాతో పోట్లాడండి."

మాస్టారు మొహం పక్కకు తిప్పుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆడపడుచు లోపలికెళ్లి మూడు టీలు తెచ్చింది.

దుకాణం తెరిచాక దారాలత్త ఎవరెవరు గుర్తొస్తే వాళ్లకు కబురుపెట్టింది. పాత దారం సరిపోలేదనుకుంటే తెచ్చి మార్చుకోమంది. కొందరొచ్చారు. చాలామంది, "అవునా, మేం గమనించనే లేదే" అన్నారు. ఆ మాట ఆవిడకు ఊరటనివ్వలేదు సరికదా, చిన్నబుచ్చింది. రీలు ఇచ్చేముందు మాత్రం ఇప్పుడొక కొత్త అలవాటు పట్టుకుంది. పోగును ఎండలో పరిచి, తాను నోరు విప్పకుండా, "మీకెలా ఉంది?" అని ముందు వాళ్లనే అడుగుతోంది.

ఎడమకన్ను ఆపరేషను రోజు పొద్దున్న ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. ఆడపడుచు సంచీ పట్టుకుని చూస్తే వదినగారు మొక్కల దగ్గర నిలబడి ఉంది. కుడికన్ను మూసుకుని, మీగడ గులాబీని ఎడమకంటితో చూస్తోంది. ఆ కంటికి అది తేనెలో ముంచి తీసినట్టుంది.

"ఆలస్యమవుతోంది వదినా! ఆ మబ్బుకంటితో ఇంకా ఏం చూస్తావు?"

"ఇవాళ్టితో ఈ రంగు ఉండదుగా" అంది దారాలత్త. "అబద్ధమే అనుకో. కానీ ఇదీ బాగుందే."

ఆడపడుచు గొంతెత్తబోయి ఆగింది. ఆటో అతనికి రెండు నిమిషాలని వేళ్లతో చూపించి, సంచీ గట్టు మీద పెట్టి, తనూ ఒక కన్ను మూసుకుని పక్కన నిలబడింది.

"నాకేం తేడా తెలియడం లేదు."

"నీకు శుక్లాలు లేవే పిచ్చిదానా" అంది దారాలత్త. ఇద్దరూ నవ్వుకుంటూ ఆటో ఎక్కారు.