బంగారు పళ్ళకు గోళ్ళరంగు

ఆ రోజుల్లో మా కొవ్వూరులో రేడియో గానీ గడియారం గానీ గుర్తు పెట్టకుండా రిపేరుకి ఇచ్చినవాణ్ణి నేను చూడలేదు. లోపలి సామాను మార్చేస్తారని భయం. నేనైతే కుక్కరు మూతకి కూడా గుర్తు పెట్టి ఇచ్చినవాణ్ణి. (మా ఆవిడ దానికి ఇప్పటికీ సిగ్గుపడుతుంది. నేను పడను.)

రిజిస్ట్రారాఫీసు ఎదురుగా టైపు మిషను పెట్టుకుని దస్తావేజులు కొట్టేవాణ్ణి. ఏడో తరగతితో బడి మానేసినా ఇంగ్లీషూ టైపూ నాకు నేనే నేర్చుకున్నాను. అలాంటిది రోడ్డుకి అవతల ఎవడో కంప్యూటర్ సెంటర్ తెరిచేసరికి నా బేరాలన్నీ అటు దాటిపోయాయి. పౌరుషం కొద్దీ, కాకినాడలో ఓ ఆఫీసువాళ్ళు తీసి పక్కన పడేసిన పాత కంప్యూటర్ కొన్నాను. హైస్కూలు హెడ్మాస్టరుగారు జాలిపడి, ప్రశ్నపత్రాలు సోమవారానికల్లా కొట్టి ఇస్తే ఇక ఏటా ఆ పని నాదేనన్నారు. తీరా చూస్తే తెలుగులో నాలుగు లైన్లు కొట్టేసరికి మిషను బిగుసుకుపోయేది. ఉన్న ర్యామ్ చాలదు, పక్కన ఇంకోటి వెయ్యాలి, డబ్బా తీసుకురమ్మన్నాడు ఫోన్లో రాజమండ్రి కంప్యూటర్ షాపు మెకానిక్కు.

తీసుకురమ్మన్నాడనగానే నాకు అనుమానం వచ్చింది. శనివారం పొద్దున్నే డబ్బా విప్పి, పుస్తకంలో బొమ్మ చూసి ర్యామ్ బయటికి లాగాను. వేలెడంత పచ్చ బద్ద, అంచున వరసగా పళ్ళు, బంగారంలా మెరుస్తూ. సంగతి తేలిపోయింది. ఆ బంగారం గీకి దాచుకోడానికే తెమ్మంటున్నాడు! మా ఆవిడ గోళ్ళరంగు తెచ్చి ఒక్క పన్ను వదలకుండా ఎర్రగా పూసి, ఆరనిచ్చి, మళ్ళీ బిగించి, డబ్బాని దుప్పట్లో మూటగట్టుకుని బస్సెక్కాను.

మెకానిక్కు కొత్త ర్యామ్ పెట్టి స్విచ్చేస్తే మిషను కుయ్యి కుయ్యిమని ఏడ్చింది తప్ప తెర వెలగలేదు. "ఏమయ్యా, నిన్నటిదాకా లక్షణంగా పనిచేసిందే. ఏం మార్చావు?" అని షాపంతా వినబడేలా అడిగాను. (రంగు పూశాక ఒక్కసారైనా వేసి చూడలేదన్న సంగతి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.) అతను నా ర్యామ్ తీసి వెలుతురుకి పట్టుకున్నాడు.

"ఇదేంటండి బాబూ?"

"గుర్తు."

"గుర్తు పక్కనెక్కడైనా పెట్టుకోవచ్చు కదండీ. కరెంటు ఆ పళ్ళమీంచే కదండీ వెళ్ళాలి."

రంగు తీసే మందు పక్క ఫ్యాన్సీ షాపులో ఉంటుంది, తెమ్మన్నాడు. ఇంతేసి మీసాలతో వెళ్ళి అడిగాను. ఆ షాపావిడ నా గోళ్ళవంక ఓసారి, మొహంవంక ఓసారి చూసి సీసా చేతిలో పెట్టింది. అతను ఒక్కో పన్నే తుడిచి, రబ్బరుతో రుద్ది పెట్టేసరికి తెర వెలిగింది. ఆ పనికి పైసా పుచ్చుకోలేదు. నాకది మరీ అనుమానంగా తోచింది.

ప్రశ్నపత్రాలు సోమవారానికి అందించాను. మర్నాడు, ఊరికే చేశాడంటే ఏదో నొక్కేసే ఉంటాడని డబ్బా విప్పాను. నా ర్యామ్ నాదే, మూలన ఇంకా కాస్త ఎరుపుంది. దాని పక్కన కొత్తదాని మీద, పళ్ళకి దూరంగా, ఎర్ర స్కెచ్ పెన్నుతో చిన్న చుక్క. ఇదీ మీదేనండి అన్నట్టు.

అది వెక్కిరింతో మర్యాదో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేదు. మిషను పాత సామానుకి పోయినా ఆ రెండు బద్దలూ కళ్ళజోడు పెట్టెలో దాచాను. చూసినప్పుడల్లా, దుప్పటి మూట ఒళ్ళో పెట్టుకుని, రాజమండ్రి వంతెన పొడుగునా పక్క సీటువాణ్ణి కూడా అనుమానంగా చూసిన ఆ మీసాలాయన గుర్తొస్తాడు. నవ్వొస్తుంది, కాస్త బెంగగానూ ఉంటుంది. పెట్టె మూసేముందు మాత్రం చుక్క ఉందో లేదో మరోసారి చూసుకుంటాను.