నా క్లైమాక్సు చెడగొట్టిన బావ

పోయిన ఆదివారం చర్చిలో నాకేం జరిగిందో వింటే మీరు నవ్వతారు. నవ్వండి. ఎవురెవురు నవ్వినారో నేను మటుకు గుర్తు పెట్టుకుంటా.

నేనొక సినిమా కథ తయారు చేసినా. రాయలేదు, తయారు చేసినా. నా చదువు సంతకానికీ, పాటల పుస్తకంలో పెద్దక్షరాలకీ చాలతాది, అంతే. కథంతా తలకాయలోనే ఉండాది. షూటింగుకి ఉదయగిరి దుర్గం చూసుకోను ఒక డైరెక్టరు వచ్చి ఆత్మకూరు బంగళాలో దిగినాడనీ, సోమవారం పొద్దున కలిపిస్తాననీ అక్కడి సినిమా హాలు మేనేజరు మాటిచ్చినాడు. "ఒక్క అరగంటే పెద్దాయనా! మళ్ళా దొరకడు" అన్నాడు.

కథేందంటే, పగ. హీరో ఒక పెద్దమనిషి. పెళ్ళిలో సొంత బావ అతన్ని మొదటి బంతి నుంచి లేపి రెండో బంతిలో కూచోబెడతాడు. అక్కడ ముక్క లేకుండా ఉత్త పులుసు పోస్తాడు. హీరో ఆకు మడిచి లేస్తాడు. ఇరవై ఏళ్ళు ఆ బావ గడప తొక్కడు. ఆఖర్న నిండు సభలో విలన్ చొక్కా పట్టుకోని "నా ముక్కేదిరా?" అని అడగతాడు. హాలంతా ఈలలు!

ఇది కల్పించిందని చెప్పొచ్చు గానీ, అబద్ధం నాకు చేతకాదు. జరిగింది నాకే. విలన్ మా ఆవిడ అన్న దానియేలు. ఆత్మకూరు హాల్లో మొదటి ఆటకి వాడికి నేనే టికెట్టు కొనిచ్చి, ముందు బెంచీలో కూచోబెట్టి, తెర మీద వాడి బుద్ధి వాడికి చూపించాలని నా ఆశ. అంతకు మించి సినిమాల మీద నాకు మోజేం లేదు.

మేనేజరు ఇంకో మాట కూడా చెప్పినాడు. "డైరెక్టరు కాడికి పోయే ముందర పదిమందికి చెప్పి ఒపీనియన్ తీసుకో. యాడ కదలతారో, యాడ ఆవలిస్తారో చూసుకో. స్క్రీన్‌ప్లే అంటే అదే."

సరేనని ముందు మా ఆవిడ సారమ్మకి చెప్పినా. చింతపండులో గింజలు తీసుకుంటా "ఊ... ఊ..." అన్నది. ఆఖరు దాకా ఊ కొట్టింది కదా, మెచ్చిందనుకున్నా.

"ఎట్టుండాది?"

"ఎట్టుండేదేంది? రోజూ చెప్పేదే గదా! ఇయ్యాల కొత్తగా సినిమా అంటావేంది?"

టీ అంగట్లో చెప్పినా. ఇంటర్వెల్ రాకముందే వింజమూరు బస్సొచ్చింది. ఒక్కడు మిగిల్తే ఒట్టు. గ్లాసులు మిగిలినాయి.

అప్పుడు తట్టింది. మధ్యలో లేచిపోకుండా కూచునే జనం యాడుంటారు? చర్చిలో! ఆశీర్వాదం చెప్పిందాకా ఒక్కడూ లెయ్యలేడు. పైగా పాటలైనాక సాక్ష్యాలకి టైమిస్తారు. దేవుడు చేసిన మేలు ఎవురైనా లేచి చెప్పుకోవచ్చు. నేను లేచినా. పుట్టి బుద్ధెరిగినాక నేను సాక్ష్యానికి లేచింది లేదు. పాస్టరు అయ్యగారు కళ్ళజోడు సర్దుకోని మరీ చూసినాడు.

"ఒక ఊళ్ళో ఒక పెద్దమనిషి ఉండాడు" అని మొదలు పెట్టినా. పేర్లు చెప్పలేదు. ఆ మాత్రం తెలివి నాకు లేదా?

రెండో బంతి కాడికొచ్చేసరికి ఎవురో "స్తోత్రం!" అన్నారు. పులుసు కాడ ఆడోళ్ళ వైపు ముక్కులు చీదతాండారు. ఓరి నాయనా, కథ పండింది! ఇరవై ఏళ్ళు గడప తొక్కలేదనేసరికి అయ్యగారు కళ్ళు మూసుకోని "హల్లెలూయ" అన్నాడు. ఆవలింత ఒక్కటి లేదు.

నాకు ఊపొచ్చింది. క్లైమాక్సు నోటితో చెప్తే చాలదు, చేసి చూపించాలనిపించింది. దానియేలు కూచునేది ముందు బెంచీ. వాడి మొహం చూడకూడదనే నేను ఆఖరి బెంచీలో కూచునేది. రెండు చేతులూ చాపుకోని, వాడి చొక్కాకి గురి పెట్టి, నడి మధ్యలో ముందుకి నడిచినా. "నా ముక్కేదిరా" నోట్లో తయారుగా ఉండాది.

దానియేలు లేచినాడు. కళ్ళ నిండా నీళ్ళు! నా చేతులు కాలరు దాకా పోకముందే "బావా!" అని వాటేసుకున్నాడు. ఊపిరాడలేదు. నా డైలాగు వాడి భుజంలో కూరుకుపోయింది.

"తప్పయిపోయింది బావా! ఆ దినం మాంసం తక్కువ పడింది. సొంతోడివి, ఏమీ అనుకోవులే అని నిన్ను లేపినా. నేను తిన్నదీ ఉత్త పులుసే బావా!"

ఇది నా స్క్రీన్‌ప్లేలో లేదు!

"వదులు బావా, ఇది కథ!" అన్నా. బావా అని ఎందుకన్నానో! ఇరవై ఏళ్ళలో ఆ మాట నా నోట రాలేదు. అంతే, చర్చంతా ఒక్కసారి "స్తోత్రం!" అయ్యగారు ఇద్దరి నెత్తిన చేతులు పెట్టి ప్రార్థన చేసినాడు. వెనక్కి చూస్తే సారమ్మ కొంగు అడ్డం పెట్టుకోని వెక్కి వెక్కి ఏడస్తా ఉండాది. అన్న ఇంటికి పోయి ఎన్నాళ్ళయిందో, పాపం. ఆమెను చూసినాక, ఇదంతా ఒపీనియన్ కోసమని చెప్పేదానికి నాకు నోరు రాలేదు.

మధ్యాన్నం భోజనం దానియేలు ఇంట్లోనే. మొదటి బంతి. నా ఆకులో ముక్కలు కొండ మాదిరి పోసినాడు. "తిను బావా, తిను!" పగ పెట్టుకున్న మనిషి అంత మాంసం తినగలడా? నేను తిన్నా.

సోమవారం ఆత్మకూరు బస్సెక్కితే పక్కన వాడే. సారమ్మ చెప్పేసిందంట. "మా బావ సినిమా కథ చెప్తాంటే నేను రాకుండానా?" బంగళాలో డైరెక్టరు ఎదురుగా నేను, నా పక్కన నా విలన్, శెనక్కాయలు ఒలిచి నా చేతిలో పెడతా.

పులుసు దాకా డైరెక్టరు కదల్లేదు. ముట్టించిన సిగరెట్టు అట్టే కాలిపోయింది. "సూపర్ పెద్దాయనా! నిండు సభలో బావ ఎదురుగా నిలబడినాడు. తర్వాత?"

నేను దానియేలు వైపు చూసినా. వాడు నోరు తెరుచుకోని వింటాండాడు. ఇంకో కాయ ఒలిచి నా చేతిలో పెట్టినాడు.

"వాటేసుకున్నారు సార్."

"ఫైట్?"

"లేదు సార్."

"మరి విలన్?"

"నేనే సార్!" అని దానియేలు లేచి నమస్కారం పెట్టినాడు.

డైరెక్టరు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, టీ తాపించి పంపించినాడు. టీలో చక్కెర కూడా తక్కువే.

ఇరవై ఏళ్ళు కాపాడుకున్న పగ పోయింది. సినిమా పోయింది. మిగిలింది బావ. తిరుగు బస్సులో మాకు దొరికిన సీట్లో కిటికీ పక్కన నేను కూచోబోతే, "గాలి లేకపోతే నాకు తల తిరగతాది బావా" అని వాడే జరిగి కూచున్నాడు. ఉదయగిరి దాకా గాలి వాడికి, నిద్రలో వాడి తలకాయ నా భుజానికి.

కొత్త కథ మొదలు పెట్టినా. కిటికీ సీటు కాడ మొదలైతాది. విలన్‌ని వెతుక్కునే పని లేదు. ఈసారి ఒపీనియన్ మటుకు ఎవురినీ అడగను.