రాజవ్వ లెక్కల పేపరు

ఈ రోజు పొద్దున ఐదో తరగతి ఫలితాలు చదవబోతుంటే లచ్చవ్వ బడికి వచ్చింది. ఆమె కూతురు రాజవ్వే తరగతిలో మొదటిది.

"సారూ, మా రాజవ్వను ఫెయిల్ చెయ్యిండ్రి. అయిదు పాసయ్యేదాంక పంపుతనన్నడు వాళ్ల బాపు. పాసైతే బీడీలకు కూసోబెడ్తడు."

తెలుగువాళ్లందరినీ కలిపి కొత్త రాష్ట్రం వచ్చింది కానీ మా ఊరికి ఆరో తరగతి ఇంకా రాలేదు. పాస్ చేయమని బతిమాలే తల్లులనే ఇన్నాళ్లూ చూశాను. లెక్కల్లో రాజవ్వకు నూటికి నూరు వచ్చాయి. ఇరవై రెండని చదివాను. లచ్చవ్వ దండం పెట్టి వెళ్లింది.

బడి విడిచాక రాజవ్వ పలక పట్టుకొని నా ముందు నిలబడింది. ఏడవలేదు.

"సారూ, ఏ లెక్క తప్పు వోయిందో జర చూపియ్యిండ్రి."

రేపు చూపిస్తానని పంపించాను. ఆమె పేపరు ముందు పెట్టుకొని ఇప్పటికీ వెతుకుతున్నాను. మీరైతే ఏ లెక్క చూపిస్తారు?