తాళం వేసే ముందు

ఎనుమాముల మార్కెట్లో మిర్చి గోదాముకు సుందర్ రావు వాచ్‌మన్. పదిహేనేళ్లు నేవీలో, ఓడ ఇంజన్ గదిలో పనిచేసి వచ్చినవాడు. ఆ హోరుకు ఎడమ చెవి పోయింది. అరవై దాటినా చొక్కా ఇస్త్రీ నలగదు, బూట్ల మీద మిర్చి దుమ్ము నిలవదు. హసన్‌పర్తిలో ఒక్కడే ఉంటాడు. పడుకునేటప్పుడు కూడా తలుపుకు గడియ పెట్టడు, ఇటుక అడ్డం పెట్టి ఓరగా తెరిచే ఉంచుతాడు. సాయంత్రం గోదాము షట్టరు దించాక వెంటనే తాళం వేయడు. పిడికిలితో మూడుసార్లు కొట్టి, "లోపల ఎవలన్న ఉన్నరా?" అని కేకేసి, కుడి చెవిని రేకుకు ఆనించి చాలాసేపు నిలబడతాడు. గోదాము ఊడ్చే మొగిలమ్మకు అది రోజూ నవ్వులాటే.

మొన్న ఆమెకు బస్సు తప్పేలా ఉంది. "ఎవ్వలు లేరు సుందరన్నా, నేనే ఊడ్చి అచ్చిన గద. జర జల్ది తాళమెయ్యి," అంది.

అతను చెవి తీయలేదు. "ఓడల మంటలు లేచిననాడు గూడ ఆఫీసర్లు గట్లనే అన్నరు మొగిలమ్మా. లోపల ఎవ్వలు లేరు, తలుపు మూసెయ్యమన్నరు. నేనే మూసిన. లోపట్నుంచి నాతోని పనిజేసే మా స్టీఫెన్ తలుపు కొట్టుడు గీ చెవుతోనే ఇన్న. మల్ల తెరవనియ్యలే."

మొగిలమ్మ చీపురు కింద పెట్టింది. ఆమె కూడా వచ్చి రేకుకు చెవి ఆనించింది. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టి, కాసేపు ఆగి, వెళ్లిపోయింది.