మందు కోసం పెట్టిన బొట్టు

మా నాయనమ్మకు ఉబ్బసం. మా బాపుకు బొగ్గు బాయిలో కొలువు. కొలువున్నవాడి తల్లిదండ్రులకు, పెళ్లాం పిల్లలకు కంపెనీ దవాఖానలో మందులు ఉచితం. ఇంత సాఫీ సంగతి మా ఇంట్లో ఎందుకు చిక్కుపడిందో చెప్పాలంటే, బాపు కొలువులో చేరిన తీరు చెప్పాలి.

అరవైల్లో గోదావరిఖనిలో కొత్త బాయిలు తవ్వుతుంటే పిలుపు కాగితం వచ్చింది బాపుకు కాదు, మా పెదనాయనకు. ఆయన బాపుకు పెద్దనాన్న కొడుకు. బాయి లోపల కప్పు కూలుతుందని ఎవరో చెప్పగా విని, ఊరు కదలనన్నాడు. ఆ కాగితం పట్టుకుని, ఆయన పేరుతో మా బాపు బాయిలో దిగాడు. అప్పట్లో ఇది వింతేమీ కాదు. మా క్వార్టర్ల లైనులో చాలామందికి ఇంట్లో ఒక పేరు, బాయి మీద ఒక పేరు.

పేరొక్కటే మారితే బాధ లేకపోయేది. దాని వెంట అమ్మానాన్నలు కూడా మారారు. దవాఖాన పుస్తకంలో బాపు తల్లిగా ఉన్నది పెదనాయన కన్నతల్లి, అంటే మా నాయనమ్మకు యారాలు. ఒకే గోడకు అటొకరు ఇటొకరు ఉంటూ ఏళ్ల తరబడి మాట్లాడుకోని తోడికోడళ్లు వాళ్లు. పైగా ఆ పెద్దవ్వ భర్త ఊళ్లో నిక్షేపంగా ఉన్నాడు. మా తాత నేను పుట్టకముందే పోయాడు. నాయనమ్మది బోసి నుదురు.

ఆమె మా దగ్గరికి వచ్చింది చలికాలంలో. లైనంతా బొగ్గు పొయ్యిలే, పొద్దునా సాయంత్రం పొగ. ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే తెల్లార్చేది.

"అత్తా, జరంత బొట్టు పెట్టుకో. దవాఖాన దాక్కే. ఇంటికొచ్చినంక తుడుసుకుందువు" అంది అమ్మ.

"మొగనితోని పోయిన బొట్టు. ఇప్పుడు మా బావ పెండ్లాన్నని పెట్టుకోవాల్నా? మా యారాలు ఇంటె మొకం మీద ఉమ్ముతది" అంది నాయనమ్మ. బాపు బయటికి వెళ్లి బీడీ ముట్టించుకున్నాడు.

నాలుగు రోజులకు మాట కూడా రాక, ఆమె చేత్తోనే కుంకుమ భరిణె వైపు చూపింది. అమ్మ బొట్టు పెట్టింది. దవాఖానకు పోయేటప్పుడు ముసలివాళ్లు అలా పెట్టుకోవాలి కాబోలు అనుకున్నాను నేను. "మంచిగున్నవ్ నాయనమ్మా" అన్నాను కూడా. ఆమె అద్దం అడగలేదు.

రెండేళ్లు అలాగే నడిచింది. కిటికీ దగ్గర గుమాస్తా పుస్తకం చూస్తూ భర్త పేరు అడిగేవాడు. మా వైపు ఆడమనిషి మొగుడి పేరు పలకదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే, పక్కనుంచి అమ్మ పెద్దతాత పేరు చెప్పేది. బావను మొగుడని తన నోటితో చెప్పే ఖర్మ నాయనమ్మకు ఆ ఆచారం వల్లే తప్పింది. గుమాస్తా చీటీ ఇస్తే, కాంపౌండరు సగం సార్లు "మందు లేదు, రేపు రాపో" అనేవాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు కదా. అయినా మందు దొరికిన వారం ఆమె నడుం వాల్చి నిద్రపోయేది.

ఒకనాడు అమ్మకు జ్వరం. నాయనమ్మను నేను తీసుకుపోయాను. అప్పుడు మూడో తరగతి. బయట వాగుతానని ఈ సంగతి నా ముందు ఎవరూ ఎత్తేవారు కాదు. కిటికీలో గుమాస్తా కొత్తవాడు.

"మీ ఆయన పేరేందవ్వా?"

నాయనమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. "నువ్వు చెప్పు బిడ్డా" అన్నాడాయన నాతో. బడిలో పంతులు అడిగితే చెప్పినట్టు చేతులు కట్టుకుని, మా సొంత తాత పేరు ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పాను. అక్కడితో ఆగినా బాగుండేది. "మా తాత సచ్చిపోయిండు సార్" అన్నాను.

ఆయన పుస్తకం చూశాడు. తర్వాత ఆమె బొట్టు చూశాడు.

చెడ్డవాడు కాదు. బాపును పిలిపించి, "నేనేం రాసుకోలె. ఇంకోసారి ఈ అవ్వ ఈడ కనవడితే రాయక తప్పది. నీ కొలువు పోతది" అన్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడేట్టయింది. బాపు మళ్లీ ఆమెను దవాఖానకు పంపలేదు.

ఆ సాయంత్రం నాయనమ్మ తడి కొంగుతో నుదురు ఎర్రబడేదాకా తుడుచుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. రెండు దెబ్బలు వేసి ఉంటే ఈ పాటికి మరిచిపోయేదాన్నేమో.

బజారులో మాత్రలు కొనడం మా తరమయ్యేది కాదు. మరీ ప్రాణం మీదికొస్తే బాపు రెండు మూడు తెచ్చేవాడు. ఆమె వాటిని పొద్దున సగం, మాపు సగం మింగేది. రెండో వానాకాలం, బాపు మొదటి షిఫ్టులో ఉండగా పోయింది.

ఊరి నుంచి పెద్దవ్వ వచ్చింది. "నా పేరు వాడుకుంటె అరిగిపోతదా నా చెల్లే, నాకు చెప్పకపోతివి" అని శవం మీద పడి ఏడ్చింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

పదకొండో రోజు మంగలి కత్తి నూరుకుని కూర్చున్నాడు. బాపు ఒక్కగానొక్క కొడుకు. కానీ గుండుతో బాయికి పోతే, తల్లి పోయిందా అని అడుగుతారు. పుస్తకంలో ఉన్న తల్లేమో మా వాకిట్లోనే కూర్చుని ఉంది. "గోర్లు తియ్యి, సాలు" అన్నాడు బాపు. చుట్టాలు గొణిగారు. ఆయన తలెత్తలేదు.

మరునాడు నూనె రాసి నున్నగా దువ్వుకుని డ్యూటీకి బయల్దేరాడు. గుమ్మంలో ఆగి, "ఎవలన్న అడిగితె నాయనమ్మ ఊరికి పోయిందని చెప్పు బిడ్డా" అన్నాడు.

ఈసారి నేను తప్పు చెప్పలేదు. అడిగిన ప్రతివాళ్లకూ అదే చెప్పాను.