మగ్గం గుంత చుట్టూ రైలు

మా మామయ్య పోయారు. నిద్రలోనే పోయారు, అదృష్టవంతుడని అందరూ అన్నారు. చూడడానికి వచ్చిన ఒకామె, ఆయన్ను పడుకోబెట్టిన గదిలో అరికాలితో నేల రాసి చూసి, "టైల్స్ మస్తున్నయ్ అక్కా, ఏడ తెచ్చిండ్రు?" అని నన్ను అడిగింది. నేను జవాబు చెప్పలేదు. రోజూ శివయ్యకు దీపం పెట్టుకునేదాన్ని, గొంతు పెంచడం నాకు చేతకాదు. ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

అది మామయ్య మగ్గం గది. మా నారాయణపేటలో చీర నేసేవాళ్లు నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించుకుని, దాని గట్టు మీద కూర్చుని నేస్తారు. ఆయన జీవితమంతా అట్లాగే కూర్చున్నారు. తెలంగాణ వచ్చిన ఏడాది నడుము సహకరించక మగ్గం విప్పేశారు గానీ, గుంతను పూడ్చనివ్వలేదు. అప్పుడే నా బిడ్డ హైదరాబాదు నుంచి తాతకు తమాషాగా ఒక బ్యాటరీ రైలు తెచ్చింది. ఆ తమాషానే ఆయన ముసలితనానికి పని అయింది. గుంత చుట్టూ పట్టాలు పరిచారు. అట్టలతో స్టేషన్లు కట్టారు. నూలు చుట్టే ఖాళీ కండెలకు చక్రాలు బిగించి రైలు డబ్బాలు చేశారు. వయసులో పని కోసం షోలాపూర్ పోయినప్పుడు దారిలో చూసిన స్టేషన్లన్నీ మా గదిలోకి వచ్చాయి.

"పైనుంచి చూస్తే బొమ్మ బిడ్డా. గుంతల కాళ్లు పెట్టి వంగి చూడు, రైలే" అనేవారు. నేనూ చూశాను. నిజమే.

అయితే అది పేడతో అలికిన మట్టినేల. వానాకాలం చెమ్మకు పట్టాలు వంకరపోయేవి, దుమ్ముకు ఇంజన్ ఆగిపోయేది. నేల వేయించక తప్పలేదు. మామయ్య నన్ను వెంటబెట్టుకుని బండల దుకాణానికి పోయారు. చెప్పులు విడిచి ఒక్కో బండ మీద నడిచారు. జేబులోంచి ఇంజన్ తీసి దాన్నీ నడిపించారు.

"పెద్దయ్యా, బండలు మనుషులకా, రైలుకా?" అని దుకాణమాయన నవ్వాడు.

"రైలు జారొద్దు, నా కోడలు జారొద్దు. ఇద్దరికీ పనికొచ్చేది తియ్యి."

పాలిష్ లేని తాండూరు బండ ఎంచారు. గుంత గట్టున వేసే బండల అంచులు గుండ్రంగా కొట్టించమన్నారు, తొడలకు ఒరుసుకోకుండా. బండలు ఇంటికొచ్చి, పరిచేదాకా వాకిట్లో దొంతి పడ్డాయి.

మా ఆయన పోయినప్పటి నుంచి ఇంటి పెత్తనం మా మరిదిది. అతనికి ఆ బండలు నచ్చలేదు, గుంత అసలే నచ్చలేదు. "ఇంట్ల గుంతేంది వదినా, ఎవర్నో బొంద పెట్టనీకి తవ్వినట్టు?" అన్నాడు.

"తమ్మీ, అది మీ బాపు కూసునే జాగా."

"టేబుల్ కొనిస్త. దాని మీద పెట్టుకొని ఆడుకోమను."

మామయ్య విని నవ్వారు. "టేబుల్ మీద రైలు పోతదారా? రైలు భూమ్మీద పోతది."

కంటి ఆపరేషన్‌కు ఆయన్ను మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయింది నేనే. నాలుగు రోజులకు తిరిగి వచ్చేసరికి గుంత లేదు. గదంతా తెల్లటి టైల్స్. "అద్దం లెక్క ఉంది గదా బాపూ!" అంటున్నాడు మరిది. మామయ్య ఒక కంటికి పట్టీ, రెండో కంటికి చూపు ఆనదు. నా చెయ్యి పట్టుకుని, గట్టు కోసం పాదంతో నేలంతా వెతికారు. "బిడ్డా, గుంత దిక్కు తీస్కపో" అన్నారు. గుంత ఉన్న చోటికే నడిపించాను. ఆయనకే అర్థమైంది. "మంచిగుందిరా" అని కొడుకుతో అన్నారు. అంతే.

మోకాళ్లు మడవలేని మనిషి ఆ నేల మీద ఎట్లా కూర్చుంటాడు? కొనిచ్చిన టేబుల్ మీద మందుల డబ్బాలు చేరాయి. రైలు అటకెక్కింది. సాయంత్రాలు వాకిట్లో, వాడని తాండూరు బండల దొంతి మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చునేవారు.

"ఎందుకు చేసినవ్ తమ్మీ?" అని అడిగాను.

"ముసలాయన పడ్తడని వదినా. మంచికే చేసిన."

మంచికే! ఆ మాట తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ గుంతలో ఆయన ఏనాడూ పడలేదు. పడతాడని భయపడ్డవాడు, ఆయన ఎంచిన బండలను ఒక్కసారైనా తాకి చూశాడా? నున్నటి టైల్స్ మీద పడడా మనిషి? వచ్చినోళ్లు చూసి మెచ్చుకోవాలని చేసి, ఆ పని తండ్రి పేరు మీద వేశాడు.

మాలో పూడ్చిపెట్టడమే ఆచారం. మట్టి వేస్తూ మరిది ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు. అయినా నా మనసు కరగలేదు. ఇంట్లో గుంత పూడ్చిన నాడే ఈ గుంత తవ్వడం మొదలైందని అనిపించింది. శివయ్య క్షమించమంటాడు. రోజూ దీపం ముందు కూర్చుని, ఇంకా కాదు స్వామీ అనే చెప్తున్నాను.

దినాలు అయ్యాక గది కడిగాను. నీళ్లన్నీ నడుమకు పోయి నిలిచాయి. నింపిన మట్టి లోపల దిగిపోయినట్టుంది, సరిగ్గా గుంత ఉన్నంత మేర టైల్స్ కుంగాయి. తుడిచి, ఆరబెట్టి, అటక మీంచి ఆయన కండెతో చేసిన డబ్బా ఒకటి దించాను. కుంగిన అంచున పెట్టి చెయ్యి తీశాను.

అది మెల్లగా తనంతట తనే కదిలింది. మామయ్య మోకాళ్లు ఉండే చోటికి పోయి ఆగింది.